ఫోన్‌లో లైబ్రరీ సైట్: నా ప్రాజెక్టు డైరీ

1వ రోజు

లైబ్రరీ సైట్‌ను ఫోన్‌లో సరిగ్గా పనిచేసేలా మార్చే పని ఈరోజు మొదలుపెట్టాను. ఈ సైట్ కొన్నేళ్ల కిందట నేను కట్టిందే. అప్పుడు అందరూ కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తారన్న లెక్కతో పేజీ వెడల్పు 960 పిక్సెళ్లకు బిగించేశాను. ఇప్పుడు సర్వర్ లాగ్ (సైట్‌కి వచ్చేవాళ్ల చిట్టా) తెరిస్తే వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫోన్ నుంచే వస్తున్నారు. మొదటి పేజీ చూసి, అక్కడి నుంచే వెళ్లిపోతున్నారు.

ఈ పని నెత్తికెత్తుకోవడానికి లాగ్ ఒక్కటే కారణం కాదు. లైబ్రరీకి రోజూ వచ్చే రిటైర్డ్ మాస్టారు ఒకరు పోయిన వారం నన్ను ఆపి చెప్పారు: "అమ్మా, పుస్తకం ఉందో లేదో చూద్దామంటే అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. వేళ్లతో సాగదీస్తే వరుస చివర కనబడదు. పక్కకి జరిపితే మొదలు కనబడదు. అందుకే ఫోన్ చేసి అడిగేస్తున్నాను." పక్కనే ఉన్న లైబ్రేరియన్ గారు, "ఇలాంటి ఫోన్లు రోజూ వస్తూనే ఉంటాయండీ" అన్నారు. పుస్తకం ఉందో లేదో చెప్పడానికే ఆ సైట్ ఉంది. ఆ ఒక్క పనీ జరగడం లేదు.

కాబట్టి లక్ష్యం చిన్నదే పెట్టుకున్నాను. ఒంటి చేత్తో, సిగ్నల్ సరిగ్గా లేనిచోట, మూడు పనులు చేసుకోగలగాలి: పుస్తకం వెతకడం, అది లోపల ఉందో బయటికి వెళ్లిందో తెలుసుకోవడం, రిజర్వ్ చేసుకోవడం. మిగతావన్నీ వీటి తర్వాతే.

పరీక్షించడానికి నా ఫోన్ వాడను. లైబ్రరీ డ్రాయర్‌లో ఎవరూ వాడని పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటుంటే అడిగి తెచ్చుకున్నాను. మెమరీ తక్కువ, తెర మూలన చిన్న పగులు, వెడల్పు 360 సీఎస్ఎస్ పిక్సెళ్లు (సీఎస్ఎస్ అంటే పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే భాష; దాని పిక్సెల్ ఒక కొలత, తెర మీది చుక్క కాదు). దీని మీద నడిస్తేనే నడిచినట్టు.

2వ రోజు

మొదటి తప్పు ఐదు నిమిషాల్లో దొరికింది. పేజీ కోడ్ మొదట్లో ఉండే హెడ్ భాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేదు.

ఈ ట్యాగ్ లేకపోతే ఏమవుతుందో తెలిస్తే మాస్టారు చెప్పిన చీమల బారు అర్థమవుతుంది. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి వెబ్‌లో ఉన్నవి దాదాపు అన్నీ కంప్యూటర్ కోసం కట్టిన పేజీలే. వాటిని చిన్న తెర మీద చూపించడానికి ఐఫోన్ బ్రౌజర్ సఫారీ ఒక ఉపాయం చేసింది. తన వెడల్పు 980 పిక్సెళ్లని అనుకుని పేజీని పరిచి, తర్వాత మొత్తాన్ని తెరకి సరిపోయేలా కుదించింది. తర్వాతి ఫోన్ బ్రౌజర్లూ ఇదే దారి పట్టాయి. "ఈ పేజీ చిన్న తెరకు సిద్ధంగా ఉంది, కుదించకు" అని బ్రౌజర్‌కి చెప్పేదే ఈ ట్యాగ్. విడ్త్=డివైస్-విడ్త్, ఇనిషియల్-స్కేల్=1 అని ఒక్క లైన్ రాస్తే చాలు.

రాశాను. పేజీ ముక్కలు ముక్కలైంది. కుడివైపు సగం తెర దాటిపోయింది, మెనూ నాలుగు వరుసలైంది. అయినా నాకు ఊరటగానే అనిపించింది. నిన్నటిదాకా కుదించడం వల్ల దాగిన తప్పులన్నీ ఇప్పుడు ఎదురుగా ఉన్నాయి.

రిజర్వేషన్ పేజీలో మాత్రం ట్యాగ్ ఉంది. కానీ అందులో యూజర్-స్కేలబుల్=నో అని ఉంది, అంటే వేళ్లతో పెద్దది చేసుకోవడం కుదరకుండా కట్టేశానన్నమాట. ఐఫోన్ సఫారీ ఐఓఎస్ 10 (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) నుంచి ఈ నిషేధాన్ని పట్టించుకోవడం మానేసింది, కానీ అన్ని బ్రౌజర్లూ అలా కాదు. చూపు మందగించినవాళ్లకి ఉన్న ఒక్క దారినీ నేను మూసేశాను. వెంటనే తీసేశాను.

3వ రోజు

రోజంతా పక్కకి జరిగే స్క్రోల్ వేటలోనే గడిచింది. పేజీ పైనుంచి కిందికి మాత్రమే కదలాలి. ఏదో ఒక్కటి తెర దాటితే పేజీ మొత్తం పక్కకి ఊగుతుంది.

నాకు బాగా పనికొచ్చిన చిట్కా: పేజీలో ఉన్న ప్రతి ఎలిమెంట్‌కీ, అంటే ప్రతి పెట్టెకీ, ఎర్ర అవుట్‌లైన్ వెయ్యడం. అవుట్‌లైన్ చోటు తీసుకోదు కాబట్టి పేజీ అమరిక మారదు, తెర దాటిన పెట్టె మాత్రం కంటబడుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒకటి దొరికేసరికి దాని వెనక నాలుగు బయటపడ్డాయి.

ఫిక్స్ చేసిన వెడల్పులు ఎలాగూ ఉన్నాయి. వాటిని మాక్స్-విడ్త్‌గా (తగ్గచ్చు, ఇంతకు మించకూడదు) మార్చాను, బొమ్మలకి మాక్స్-విడ్త్ 100% ఇచ్చాను. అది సులువే. సతాయించింది గ్రిడ్, అంటే పేజీని గళ్లుగా పరిచే పద్ధతి. కాలమ్‌కి 1ఎఫ్ఆర్ (ఖాళీ చోటులో ఒక వాటా) ఇస్తే ఉన్న చోటులో సర్దుకుంటుందని అనుకున్నాను. కానీ గ్రిడ్‌లోనూ ఫ్లెక్స్‌బాక్స్‌లోనూ (పెట్టెలని వరుసగా పేర్చే పద్ధతి) లోపలి పెట్టెకి కనీస వెడల్పు డిఫాల్ట్‌గా ఆటో, అంటే లోపలున్నదాన్ని బట్టి. లోపల విరగని పొడవైన పదం ఉంటే పెట్టె దానికంటే చిన్నది కాదు. ఒక పుస్తకం వివరాల్లో ఎవరో పొడవైన వెబ్ లింక్ అతికించారు. అదొక్కటే కాలమ్‌ని తెర బయటికి నెట్టేసింది. మిన్-విడ్త్: 0, దాంతోపాటు ఓవర్‌ఫ్లో-రాప్: ఎనీవేర్ (పదాన్ని ఎక్కడైనా విరవచ్చు) పెట్టాక కుదిరింది. రెండు గంటలు పట్టింది. రాసి పెట్టుకుంటున్నాను, మళ్లీ తప్పకుండా మరిచిపోతాను కాబట్టి.

బాడీకి, అంటే పేజీ మొత్తానికి, ఓవర్‌ఫ్లో-ఎక్స్: హిడెన్ (పక్కకి దాటినదాన్ని దాచెయ్యి) అని పెట్టేస్తే స్క్రోల్ మాయమవుతుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. నాకది ఇష్టం లేదు. తెర దాటినది సర్దుకోదు, కత్తిరించుకుపోతుంది అంతే. ఆ కత్తిరించిన ముక్కలో రిజర్వ్ బటన్ ఉంటే?

5వ రోజు

సీఎస్ఎస్ ఫైల్‌ని తిరగరాశాను. పాతది పెద్ద తెర కోసం రాసి, చిన్న తెర వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ రద్దు చేసేలా ఉంది. ఇప్పుడు తలకిందులు చేశాను. ముందు చిన్న తెరకి ఒకే నిలువు వరుస, తెర పెరిగేకొద్దీ మీడియా క్వెరీలతో (తెర వెడల్పుని బట్టి వర్తించే నియమాలు) కాలమ్‌లు కలుస్తాయి. ఫైల్ సగానికి తగ్గింది.

ద్రవంలా సాగే గ్రిడ్లు, సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు కలిపి ఈ పద్ధతికి 2010లో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టింది వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్. ఆ మూడూ ఇప్పటికీ నిలబడ్డాయి. కానీ ఇప్పుడు బ్రేక్‌పాయింట్లు (పేజీ అమరిక మారే వెడల్పులు) చాలా తక్కువే అవసరమవుతున్నాయి. పుస్తకాల అట్టల గ్రిడ్‌కి ఆటో-ఫిట్, మిన్‌మాక్స్ ఇచ్చాను, ఎన్ని పడితే అన్ని కాలమ్‌లు అదే వేసుకుంటుంది. ఆ గ్రిడ్‌కి ఒక్క మీడియా క్వెరీ కూడా రాయలేదు. బ్రేక్‌పాయింట్లని ఏ ఫోన్ మోడల్ వెడల్పునో చూసి పెట్టలేదు. తెరని మెల్లగా పెంచుతూ, లైన్ మరీ పొడవై కన్ను తప్పిపోతుందనిపించిన చోట పెట్టాను.

కోడ్ కంటే కష్టమైనది వరుసక్రమం. కంప్యూటర్ తెర మీద ఎడమ, కుడి, మధ్య అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఫోన్‌లో ఒకదాని తర్వాతే ఒకటి. ఏది ముందో తేల్చక తప్పదు. పాత మొదటి పేజీలో అన్నింటికంటే పైన వార్షికోత్సవం ఫోటోల స్లైడ్‌షో ఉండేది. వెతికే పెట్టె మూడు స్క్రోల్‌ల కింద. లైబ్రేరియన్ గారితో కూర్చుని మాట్లాడాను.

"ఫోటోలు తీసేస్తే కమిటీ వాళ్లు బాధపడతారేమోనండీ" అన్నారు.

"తీసెయ్యను మేడమ్, కిందికి దించుతాను. పైన వెతికే పెట్టె, దాని కింద ఈరోజు లైబ్రరీ తెరిచి ఉండే వేళలు. ఫోన్ చేసేవాళ్లు అడిగేవి ఈ రెండేగా?"

ఆవిడ కాసేపు ఆలోచించి, "మూడోది కూడా అడుగుతారు. తీసుకెళ్లిన పుస్తకం ఎప్పుడు తిరిగివ్వాలని" అన్నారు. అది నాకు తట్టలేదు. మూడో స్థానంలో చేర్చాను.

6వ రోజు

టేబుల్. ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే.

వెతికితే వచ్చే ఫలితాలు ఏడు కాలమ్‌ల టేబుల్‌లో ఉండేవి: పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, భాష, షెల్ఫ్ నంబర్, ప్రతుల సంఖ్య, ఉందా లేదా. అసలు కావలసిన "ఉందా లేదా" చిట్టచివర. 360 పిక్సెళ్లలో ఏడు కాలమ్‌లంటే ఒక్కోదానికి యాభై. తెలుగు పేరు అందులో రెండేసి అక్షరాల చొప్పున విరిగి, పొడవాటి స్తంభంలా నిలబడింది.

మొదట టేబుల్‌ని ఒక పెట్టెలో పెట్టి పక్కకి స్క్రోల్ అయ్యేలా చేశాను. పేజీ కదలదు, టేబుల్ ఒక్కటే కదులుతుంది. బాగానే ఉందనిపించింది, కానీ "ఉందా లేదా" కోసం ప్రతిసారీ జరపాలి. పక్కన ఇంకా ఉందని తెలియకపోతే జరపరు కూడా. తర్వాత సీఎస్ఎస్‌తో వరుసలని కార్డుల్లా మార్చాను. చూడ్డానికి బాగుంది. అయితే టేబుల్ ఎలిమెంట్లకి డిస్‌ప్లే: బ్లాక్ ఇస్తే కొన్ని బ్రౌజర్లలో స్క్రీన్ రీడర్‌కి (తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) అది టేబుల్ అన్న సంగతే పోతుంది. ఏ విలువ ఏ కాలమ్‌దో వినేవాళ్లకి తెలియదు.

సాయంత్రానికి విషయం తేలింది. అసలది టేబుల్ కానే కాదు. వెతికేవాళ్లు రెండు పుస్తకాల ప్రచురణ సంవత్సరాలని పోల్చుకోరు, ఒక్కో పుస్తకాన్ని చూసుకుంటూ పోతారు. అంటే అది జాబితా. హెచ్‌టీఎమ్ఎల్‌లోనే (పేజీలో ఏది ఏమిటో చెప్పే కోడ్) జాబితాగా మార్చేశాను. పేరు పెద్దగా, కింద రచయిత, ఆ పక్కనే "లోపల ఉంది" లేదా "బయటికి వెళ్లింది". రంగుతో పాటు మాట కూడా, రంగు ఒక్కటే అందరికీ తెలియదు కాబట్టి. మిగతా వివరాలు పుస్తకం పేజీలో.

నిజమైన టేబుల్ ఒక్కటే మిగిలింది: ఏ పత్రిక ఏ నెల సంచిక ఉందో చూపించేది, పత్రిక పేరు కాక పన్నెండు కాలమ్‌లు. దాన్ని పక్కకి స్క్రోల్ అయ్యేలానే ఉంచాను. పత్రిక పేరున్న మొదటి కాలమ్‌ని మాత్రం పొజిషన్: స్టికీతో కదలకుండా నిలిపాను. తెర కుడి అంచున పడే కాలమ్ సగమే కనిపించేలా వదిలాను, ఇంకా ఉందని తెలియడానికి.

7వ రోజు

వేళ్ల సంగతి. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల చదరం ఉండాలి. అది మరీ అడుగు మెట్టు. ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ ఆండ్రాయిడ్‌కి 48 డీపీ సూచిస్తాయి (రెండూ సీఎస్ఎస్ పిక్సెల్ లాంటి కొలతలే). నేను 48 తీసుకున్నాను. బటన్ బొమ్మ చిన్నదిగా ఉన్నా ప్యాడింగ్‌తో (దాని చుట్టూ వదిలే ఖాళీ) నొక్కే చోటు పెంచవచ్చు. పేజీ నంబర్ల లింకులు ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. వాటి స్థానంలో "ముందు", "తర్వాత" అని రెండు పెద్ద బటన్లు పెట్టాను.

మౌస్ పైకి తెస్తే తెరుచుకునే మెనూ ఉండేది. వేలికి "పైకి తేవడం" అన్నది లేదు. నొక్కితే తెరుచుకునే అసలైన బటన్‌గా మార్చాను. మెనూలో ఉన్నవి ఐదే కాబట్టి మూడు గీతల బొమ్మ పక్కన "మెనూ" అన్న మాట కూడా రాశాను.

9వ రోజు

రిజర్వేషన్ ఫారం. ఐఫోన్ ఉన్న స్నేహితురాలి చేత తెరిపించాను. పెట్టెలో నొక్కగానే పేజీ ఒక్కసారిగా పెద్దదై పక్కకి జారింది. అక్షరాలు 16 పిక్సెళ్లకన్నా చిన్నగా ఉన్న ఇన్‌పుట్‌ని, అంటే రాసే పెట్టెని, నొక్కితే ఐఫోన్ సఫారీ తనే జూమ్ చేస్తుంది. నావి 13. జూమ్‌ని నిషేధించడం పరిష్కారం కాదు, అక్షరాలని 16కి పెంచడమే పరిష్కారం.

సభ్యత్వ సంఖ్య పెట్టెకి టైప్=నంబర్ పెట్టి ఉంది. మా సభ్యత్వ సంఖ్యలు సున్నాతో మొదలవుతాయి. నా కోడ్ దాన్ని అంకెగా మార్చేసరికి ముందున్న సున్నాలు పోయేవి, "మీ సంఖ్య దొరకలేదు" అని వచ్చేది. సంఖ్య అన్నంత మాత్రాన అది లెక్క కాదు, పేరు లాంటిదే. టైప్=టెక్స్ట్, ఇన్‌పుట్‌మోడ్=న్యూమరిక్ పెట్టాను. అంకెల కీబోర్డే వస్తుంది, సున్నాలు ఉంటాయి. ఫోన్ నంబర్‌కి టైప్=టెల్. పేరుకీ ఫోన్‌కీ ఆటోకంప్లీట్ ఇచ్చాను, ఒకసారి నింపినవాళ్లు మళ్లీ టైప్ చెయ్యక్కర్లేదు. పెట్టె లోపల మసకగా ఉండే సూచనలని తీసి పైన లేబుళ్లు పెట్టాను. లోపలి సూచన టైప్ చెయ్యడం మొదలుపెట్టగానే మాయమవుతుంది, మధ్యలో ఎవరైనా పిలిచి తిరిగొస్తే ఏ పెట్టెలో ఏం రాయాలో గుర్తుండదు.

వెతికే పెట్టెలో ఇంకో చిక్కు. ఎంటర్ నొక్కితే వెతకాలని కీకోడ్ (ఏ కీ నొక్కారో చెప్పే అంకె) చూసి కోడ్ రాశాను. కంప్యూటర్‌లో అంతా బాగుంది. పాత ఫోన్‌లో తెలుగు కీబోర్డ్‌తో టైప్ చేస్తుంటే ఏ కీ నొక్కినా కోడ్ 229 అనే వస్తోంది. ఆండ్రాయిడ్ కీబోర్డ్‌లు అక్షరాలని కూర్చుతున్నంతసేపూ అలాగే పంపుతాయి. కీలని చూడడమే మానేసి, ఫారం సబ్మిట్ ఈవెంట్‌నీ ఇన్‌పుట్ ఈవెంట్‌నీ (ఫారం పంపారు, పెట్టెలో రాత మారింది అని బ్రౌజర్ చెప్పే కబుర్లు) నమ్ముకున్నాను.

10వ రోజు

బరువు. మొదటి పేజీ తూచితే 6 ఎంబీకి పైనే. పాత ఫోన్‌లో తెల్ల తెర చూస్తూ కూర్చోవాలి.

బొమ్మల్లోనే చాలావరకు ఉంది. కెమెరా నుంచి తీసినవి తీసినట్టే, 4000 పిక్సెళ్ల వెడల్పుతో పెట్టేశాం. 360 వెడల్పు తెరకి, ఒక్కో పిక్సెల్‌కి రెండు చుక్కలున్నా 720 చాలు. ఎస్ఆర్‌సీసెట్‌లో మూడు సైజులు రాసి, ఏది కావాలో బ్రౌజర్‌కే వదిలాను. వెబ్‌పీలోకి (తక్కువ బరువుండే బొమ్మ ఫార్మాట్) మార్చాను.

తర్వాత ఒక తప్పు చేశాను. అన్ని బొమ్మలకీ లోడింగ్=లేజీ పెట్టాను. కొలిస్తే ఎల్‌సీపీ, అంటే తెరపై అన్నింటికంటే పెద్ద బొమ్మో రాతో కనిపించడానికి పట్టే సమయం, ఇంకా పెరిగింది. పేజీ తెరవగానే కనిపించే బొమ్మని కూడా "తర్వాత తెచ్చుకో" అని చెప్పానన్నమాట. పైనున్న వాటికి తీసేశాను. ఎల్‌సీపీ 2.5 సెకన్ల లోపు ఉంటే మంచిదని గూగుల్ గీత గీసింది. పాత ఫోన్‌లో ఇప్పుడు దాని చుట్టుపక్కల ఉంది.

బొమ్మలకి విడ్త్, హైట్ రాయకపోవడం ఇంకో పెద్ద లోపం. బొమ్మ వచ్చాక కింది భాగం ఒక్కసారిగా జరిగేది. నేనే ఒక పుస్తకం నొక్కబోతే, ఆఖరి క్షణంలో అట్ట దిగి, వేరే పుస్తకం తెరుచుకుంది. ఆ రెండు అంకెలూ రాస్తే బ్రౌజర్ ముందే చోటు కేటాయిస్తుంది.

తెలుగు ఫాంట్‌కి ఒక పూట పట్టింది. గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు అన్నీ ఉండాలి కాబట్టి మన ఫాంట్ ఫైల్ ఇంగ్లిష్ దానికన్నా బరువు. మూడు మందాలు వాడేదాన్ని, రెండుకి తగ్గించాను. ఫాంట్-డిస్‌ప్లే: స్వాప్ పెట్టాను, ఫాంట్ వచ్చేలోపు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తోనే అక్షరాలు కనిపిస్తాయి. లైన్ ఎత్తు 1.3 ఉండేది, 1.7 చేశాను. మన లిపి పైకీ కిందికీ కూడా విస్తరిస్తుంది. పైనున్న వరుస ఒత్తులు కింది వరుస గుడులకి తగులుతుంటే చిన్న తెర మీద చదవడం నరకం. కార్డుల్లో పేరు రెండు వరుసలకి మించకుండా కత్తిరించిన చోట "కృష్ణ"లో ణ ఒత్తు సగం తెగిపోయింది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు.

12వ రోజు

చిన్నవి. మెనూ పెట్టెకి 100వీహెచ్ (అడ్రస్ బార్ లేనప్పటి పూర్తి ఎత్తు) ఇస్తే చివరి లింకు తెర అడుగున దాక్కుంది, 100డీవీహెచ్ (అప్పుడు నిజంగా కనిపించే ఎత్తు) పెట్టాను. ఫోన్ అడ్డంగా తిప్పినప్పుడు పైన అతుక్కుని ఉండే హెడర్ తెరలో మూడో వంతు మింగేస్తోంది, ఎత్తు తక్కువ ఉన్నప్పుడు అతుక్కోకుండా చేశాను. స్లైడ్‌షోని తిప్పే కోడ్ మొత్తం తీసేశాను, ఫోటోలు మాత్రం ఉన్నాయి. ప్రతి అక్షరానికీ సర్వర్‌ని అడిగే వెతుకులాటకి కాస్త విరామం పెట్టాను, టైపింగ్ ఇప్పుడు తడబడటం లేదు.

14వ రోజు

మాస్టారిని, ఇంకో నలుగురు పాఠకుల్ని కూర్చోబెట్టుకున్నాను. వాళ్ల ఫోన్లు, వాళ్ల వేళ్లు. నేను ఏమీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. కష్టమే, "అక్కడ నొక్కండి" అని నోటిదాకా వచ్చేస్తుంది.

నలుగురూ పుస్తకం వెతికి రిజర్వ్ చేశారు. మాస్టారి దగ్గర ఆగింది. ఆయన బ్రౌజర్‌లో అక్షరాల సైజు బాగా పెంచుకున్నారు. నేను రిజర్వ్ బటన్‌కి ఎత్తు 48 అని బిగించాను. లోపలి మాట రెండు వరుసలై కింది వరుస బటన్ బయటికి వేలాడింది. ఆయన దాన్ని బటన్ అని గుర్తించలేదు.

"ఇది రాతలా ఉందమ్మా, నొక్కచ్చా?"

"నొక్కచ్చు మాస్టారూ. అలా కనబడకపోవడం నా తప్పు, రేపటికి సరిచేస్తాను."

ఆ రాత్రే సరిచేశాను. హైట్ తీసి మిన్-హైట్, చుట్టూ ప్యాడింగ్. ఫైల్ అంతా వెతికితే ఇలా బిగించిన ఎత్తులు ఇంకా పదకొండు ఉన్నాయి. అన్నీ మార్చి, అక్షరాల సైజు 200% పెట్టి ప్రతి పేజీ మళ్లీ చూశాను.

16వ రోజు

కొత్త సైట్ ఉదయం ఎక్కించాను. టెన్షన్‌తో గంటసేపు లాగ్ చూస్తూ కూర్చున్నాను, ఎర్రర్లేమీ లేవు. మధ్యాహ్నానికి మొదటి ఫోన్ రిజర్వేషన్ వచ్చింది. సభ్యత్వ సంఖ్య ముందు రెండు సున్నాలు, అలాగే ఉన్నాయి.

సాయంత్రం పాత ఫోన్ తిరిగి ఇద్దామని వెళ్తే లైబ్రేరియన్ గారు తీసుకోలేదు. "మీ దగ్గరే ఉంచండి. గడువు పొడిగించుకునే పేజీ ఇంకా పాతదేగా, మాస్టారు పొద్దున అదే అడిగారు" అన్నారు. ఇంటికొచ్చి ఆ పేజీని దాని మీద తెరిచాను. కుడివైపుకి ఇంకా జారుతోంది. రేపు దానితో మొదలుపెడతాను.